పదకొండు టిక్కులు

సింధియా మలుపులో ఆ టాంకరు
నా వ్యానుని చూసింది, నా సిగ్నల్‌ని చూడలేదు.
వాన. ఎదురుగా రిఫైనరీ మంట.
అంత మంట ముందు నా ఇరవై ఒక్క వాట్ల బల్బు
చల్లారిన టీ రంగు.
జానెడు దూరంలో ఆగింది.
తొమ్మిది మంది పిల్లలు, తొమ్మిది కారియర్లు,
ఒక్కరూ ఏడవలేదు.
ఏడ్చింది నేనే, అందర్నీ దించేశాక.

మర్నాడు ఆదివారం.
శ్రీహరిపురంలో లోవరాజు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి
ఓమ్నీ వెనక అద్దం విప్పాడు.
"ఏటక్కా, హోల్డర్లో ఉప్పు పండించేస్తన్నావా?"
నిజమే, ఇత్తడంతా పచ్చగా చిలుము.
మా ఊళ్ళో గాలికి కూడా ఆకలెక్కువ.
తాళాన్ని తింటుంది, కిటికీ బోల్టుని తింటుంది,
ఎటు తిరుగుతున్నామో చెబుదామంటే
ఆ మాటనీ కొరుకుతుంది.

గరుకు కాయితంతో రుద్ది
పాత బల్బుని నా అరచేతిలో పెట్టాడు, ఇంకా వెచ్చగా.
నల్లబడ్డ గాజులో జుట్టుకన్నా సన్నటి తీగ.
ఎన్ని ఎడమలు, ఎన్ని కుడులు మోసిందో అది.

కొత్తది మొక్కజొన్న కంకి. గింజగింజకీ దీపం.
తెల్లదైతే పాలిపోద్దని నారింజవే ఏరాడు.
ఒకటి వెలగలేదు. తిప్పి గుచ్చాడు, వెలిగింది.
"ప్లస్సూ మైనస్సూ చూసుకుంటాదక్కా ఇది.
పాతదానికి ఇలాటి పట్టింపుల్లేవు."

స్విచ్ వేశాను.
టికటికటికటికటిక
కోడిపెట్ట వెనక కుక్క పడ్డట్టు.

"బల్బు బాగుంది. కంగారంతా రిలేది.
ఇంత తక్కువ కరెంటు తాగితే
బల్బు సచ్చిపోనాదనుకుంటాది పిచ్చిది,
ఊరంతా లేపేస్తాది."

రెండు దార్లు చెప్పాడు.
బంగారు రంగు రెసిస్టరొకటి కట్టి
రిలేకి దొంగ బరువు చూపించడం.
ఊరికే వేడెక్కే బరువు, ఏ పనీ చెయ్యనిది.
లేదా రిలేనే మార్చడం, నూట ఎనభై.

ఆ రెసిస్టరు నాకు తెలుసు.
మా ఆయన పోయిన ఏడాది
రోజూ రెండు గ్లాసుల బియ్యం పోసేదాన్ని.
ఒకటి మిగిలేది.
మిగలడానికే పోసేదాన్ని.

"రిలే మార్చెయ్ లోవరాజూ."

సోమవారం, ముందు సీట్లో జోయెల్.
వాళ్ళ నాన్న హార్బర్‌లో లాంచీ మీద పని.
ఒక్కో లైట్‌హౌసుకి ఒక్కో లెక్క ఉంటుందని చెప్పాడట,
అప్పట్నుంచీ వీడు దేన్నీ లెక్కపెట్టకుండా వదలడు.
బడి సందు మలుపుకి పదకొండు టిక్కులు.
పన్నెండైతే నేను నిదానం, పదైతే దూకుడు.

సిగ్నల్ వేశాను.
తడి గోడ మీద నారింజ రంగు పడింది, లేచింది,
కడిగినట్టు, కంగారు లేకుండా.
చప్పుడు లేదు.

"ఆంటీ, పోయిందా?"
"వెలుగుతోందిరా. అద్దంలో చూడు."
వాడు అద్దంలో చూడలేదు.
చెవులతో చూసేవాడు మరి.

మంగళవారం పిల్లల్ని దించి వస్తూ
మల్కాపురం దాకా కుడి సిగ్నల్‌తోనే వచ్చేశానట.
వెనక స్కూటరాయన పక్కకొచ్చి అరిచాడు,
"ఎప్పుడు తిరుగుతావమ్మా, వచ్చే జన్మలోనా?"
నాకేం తెలుసు,
చప్పుడు చెయ్యని వెలుగు వెలుగుతూనే ఉందని.

బుధవారం బడి సందు. స్విచ్ వేశాను.
పక్క సీట్లోంచి, అంగిట్లో నాలుక కొట్టి,
టిక్.
టిక్.
వెనక ఇద్దరు అందుకున్నారు. తర్వాత అందరూ.
చివర కూచున్న ఒకటో తరగతి గుంట మాత్రం
టికటికటికమంటోంది.
"అలా కాదే," కసిరాడు జోయెల్, "బరువుగా అను."

తొమ్మిది. పది. పదకొండు.
సందు మొగలో గేదె అడ్డంగా నిలబడి ఉంది.
పన్నెండు. పదమూడు.
పద్నాలుగో టిక్కుకి
నావైపు చూశాడు చూడండి,
రిలే నేనే పాడుచేసినట్టు.